కంప్రెసర్ తిరుగుతున్నా సీసాలు చల్లబడకపోతే

కాజీపేటలోని మీ పాత వెండింగ్ మెషీన్‌లో కంప్రెసర్ ఆగకుండా తిరుగుతున్నా సీసాలు చల్లబడటం లేదన్నారు. గ్యాస్ నింపించడానికి తొందరపడకండి. ముందు ప్లగ్ తీసి, అడుగున ఉన్న కండెన్సర్ (లోపలి వేడిని బయటికి వదిలే, రేకులున్న గొట్టాల చట్రం) చూడండి. హనుమకొండలో మా మెషీన్‌కూ ఇలాగే అయింది. రేకుల మధ్య దుమ్ము దూదిపరుపులా పేరుకుపోయి, గాలి ఆడక కంప్రెసర్ విపరీతంగా వేడెక్కుతోంది. మెత్తటి బ్రష్‌తో, రేకులు వంగకుండా, నిలువుగా దులిపాను. మర్నాటికి సీసాల మీద చెమట పట్టింది!

అయినా మారకపోతే లోపలి ఎవాపరేటర్ (సీసాల అరను చల్లబరిచే గొట్టాల చుట్ట) చూడండి. అంతా గడ్డకట్టి ఉంటే లోపలి ఫ్యాను ఆగిందేమో, తలుపు రబ్బరు వదులైందేమో పరీక్షించండి. మంచును కత్తితో మాత్రం గీకవద్దు, గొట్టానికి చిల్లు పడుతుంది. దానంతట అదే కరగనివ్వండి. గొట్టం మొదట్లో కొద్దిమేరే మంచు పడుతుంటే అప్పుడు గ్యాస్ తగ్గిందని అనుమానించాలి. అతుకుల దగ్గర నూనె మరక వెతికించి, లీకు పూడ్చాకే నింపించండి. మెషీన్ వివరాల ప్లేటు మీద ఆర్12 (పాత రకం గ్యాస్) అని ఉంటే, కంప్రెసర్‌లోని నూనె మార్చకుండా ఆర్134ఏ (దాని తర్వాత వచ్చిన గ్యాస్) నింపనివ్వకండి.