విడిపోతే కుక్క ఎవరి దగ్గర ఉండాలి?

ఈసారి సెలవులకు తిరుపతి వచ్చి నాలుగు రోజులైనా కాలేదు, మా బైరాగిపట్టెడ వీధిలో ఉండే అత్త ఒకామె సాయంత్రం వచ్చి వసారాలో కూర్చుంది. కాఫీ ఇస్తే పక్కన పెట్టేసింది. "పాపా, మా అమ్మాయి సంగతి నీకు తెలిసిందే కదా. విడాకుల దాకా వచ్చింది. ఇంట్లో సామాను అడగడం లేదు, డబ్బు అడగడం లేదు. కుక్క కావాలంట. అల్లుడేమో ఇవ్వనంటున్నాడు. రోజూ ఫోన్లో దాని కోసమే ఏడుపు. కుక్క కోసం ఎవరన్నా కోర్టుకు పోతారా?" అని అడిగింది.

పోతారత్తా, అన్నాను. నేను అమెరికాలో శాన్ హోసే దగ్గర స్థిరపడి 19 ఏళ్లయింది. మన తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన పిల్లల ఇళ్లలోనే ఇలాంటి గొడవ చూడడం ఇది మూడోసారి. నేను లాయర్‌ని కాదు. కానీ కొన్ని విషయాలు ముందే తెలిసి ఉంటే ఆ మూడు ఇళ్లలోనూ సగం కన్నీళ్లు తప్పేవి. కొత్తగా వస్తున్నవాళ్ల కోసం అవే రాస్తున్నాను.

ముందు ఇక్కడున్న తల్లిదండ్రులకు ఒక మాట. హెచ్-4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాకు అనుబంధంగా ఇచ్చే వీసా మీద వచ్చిన అమ్మాయికి చాలాసార్లు ఉద్యోగం చేసే అనుమతి ఉండదు. కారు నడపడం ఇంకా రాదు. భర్త పొద్దున పోతే రాత్రికి వస్తాడు. డిసెంబరులో అయిదింటికే చీకటి. ఆ ఇంట్లో ఆమె వెనకాలే తిరిగే ప్రాణి ఆ కుక్క ఒక్కటే. అబ్బాయిల సంగతీ అంతే. ఉద్యోగం పోయిన నెలల్లో కుక్కను బయటికి తీసుకెళ్లాలి కాబట్టే మంచం దిగానని ఒకబ్బాయి నాతో చెప్పాడు. అందుకే "పోతే పోనీ, ఇంకోటి కొనుక్కో" అనే మాట మాత్రం వాళ్లతో అనకండి.

ఇక చట్టం. అమెరికాలో చాలాకాలం పాటు కోర్టులు కుక్కను, పిల్లిని ఆస్తిగానే చూశాయి. అత్తకు అర్థం కావాలని మన పల్లెల సంగతి చెప్పాను. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పొలం, బావిలో వంతు, ఆవులు అన్నీ పంపకాల్లోకి వస్తాయి. ఆవు ఒకరికి పోతే దాని బదులు ఇంకొకరికి కొంత డబ్బు. ఆ ఆవు ఎవరి చేతి మేతకు అలవాటు పడిందో పెద్దమనుషులు అడగరు. 2002లో పెన్సిల్వేనియాలో ఒక జంట, విడిపోయాక భర్త వచ్చి కుక్కను చూసుకునేలా ఒప్పందం చేసుకున్నారు. కోర్టు అది చెల్లదంది. బల్లనో, దీపాన్నో చూడడానికి వేళలు పెట్టుకున్నట్టుంది అని చెప్పింది.

ఆ తర్వాత మార్పు వచ్చింది. విడాకులప్పుడు ఆ జంతువు బాగోగులు కూడా చూడాలని మొదట చట్టం చేసిన రాష్ట్రం అలాస్కా, 2017లో. 2018లో ఇల్లినాయ్, 2019లో కాలిఫోర్నియా, 2021లో న్యూయార్క్ అదే దారి పట్టాయి. ఇంకొన్ని రాష్ట్రాలూ చేరాయి. టెక్సాస్‌లో అలాంటి ప్రత్యేక చట్టం లేదు, ఆస్తి పంపకంలో భాగంగానే తేలుస్తారు. డల్లాస్, హ్యూస్టన్ వెళ్లే మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అత్త కూతురు ఉండేది కాలిఫోర్నియాలో. అక్కడ 2019 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఫ్యామిలీ కోడ్ 2605వ సెక్షన్ ప్రకారం, జడ్జి పెంపుడు జంతువును ఒకరికే ఇవ్వవచ్చు, ఇద్దరికీ ఉమ్మడిగానూ ఉంచవచ్చు. ఇచ్చేటప్పుడు దాని సంరక్షణను లెక్కలోకి తీసుకోవచ్చు. సంరక్షణ అంటే ఏమిటో చట్టమే చెప్పింది: తిండి, నీళ్లు, వైద్యం, భద్రమైన నీడ, హింస జరగకుండా చూడడం. తీర్పు వచ్చేలోపు దాన్ని ఎవరు చూసుకోవాలో తాత్కాలిక ఉత్తర్వు కూడా అడగవచ్చు. ఆ ఉత్తర్వుతో చివరి తీర్పు తేలిపోయినట్టు కాదు. కాలిఫోర్నియాలో విడాకుల కాగితాలు అవతలివాళ్లకు అందాక కనీసం 6 నెలలు ఆగాలి, కాబట్టి ఈ తాత్కాలిక ఉత్తర్వు చిన్న విషయమేమీ కాదు. కేసు వేశాక, కాగితాలు అందాక, ఇద్దరిలో ఎవరూ కుక్కను అమ్మడానికి గానీ, ఊళ్లో స్నేహితుడికి ఇచ్చేయడానికి గానీ లేదు. అవతలివాళ్లు రాసి ఒప్పుకోవాలి, లేదా కోర్టు అనుమతించాలి.

ఈ సెక్షన్ వర్తించేది పెళ్లయ్యాక వచ్చిన, ఇద్దరికీ చెందే జంతువుకు. మీరు పెళ్లికి ముందే తెచ్చుకున్న కుక్క మీ సొంత ఆస్తి కిందికి వస్తుంది. పెళ్లి కాకుండా కలిసి ఉన్నవాళ్లకు ఈ విడాకుల చట్టం వర్తించదు, మామూలు సివిల్ కేసు వేసుకోవాలి. 2009లో న్యూజెర్సీలో పెళ్లి నిశ్చయమై విడిపోయిన ఒక జంట తమ పగ్ జాతి కుక్క కోసం అప్పీలు దాకా వెళ్లారు. దానితో ముడిపడిన అభిమానానికి డబ్బు సరితూగదని, నోటిమాటగా చేసుకున్న ఒప్పందాన్నయినా అమలు చేయించే అవకాశం ఉందని ఆ కోర్టు చెప్పింది. అయినా నోటిమాట నమ్ముకుని కూర్చోవద్దు, రుజువు చేయడం నరకం.

అత్త కూతురి విషయంలో ఇబ్బంది ఏమిటంటే, కుక్కను దత్తత తీసుకున్న షెల్టర్‌లో కాగితాల మీద సంతకం అల్లుడిది. డబ్బు కట్టిన కార్డు అతనిది. అపార్ట్‌మెంట్ లీజులో కుక్క పేరున నెలనెలా కట్టే అద్దె అతని ఖాతాలోంచే పోతుంది. కానీ రోజుకు మూడు పూటలా వాకింగ్ తీసుకెళ్లింది అమ్మాయి. టీకాలకు తీసుకెళ్లింది అమ్మాయి. కడుపు చెడి రాత్రంతా వాంతులు చేసుకుంటే ఎమర్జెన్సీలో కూర్చున్నది అమ్మాయి. ఈ పనులన్నీ చేసినా తన పేరు ఒక్క కాగితం మీదా లేదని ఆమె భయం. ఆ భయంలో నిజం ఉంది, కానీ పూర్తిగా నిజం కాదు. పశువుల డాక్టరు దగ్గర ఎవరు తీసుకొచ్చారో రికార్డు ఉంటుంది. అపాయింట్‌మెంట్ మెసేజీలు ఎవరి ఫోన్‌కు వచ్చాయో చూపించవచ్చు. ఫోన్లో ఫోటోలకు తేదీలుంటాయి. పక్క ఫ్లాట్ వాళ్లు చూసింది చెప్పగలరు. ఇవన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి లాయర్‌కు ఇమ్మని చెప్పించాను.

కొత్తగా వచ్చేవాళ్లు ఆ దశ దాకా రానివ్వకండి. కుక్కను తెచ్చిన రోజే దత్తత పత్రం మీద, లైసెన్స్ మీద, డాక్టరు దగ్గర ఇద్దరి పేర్లూ రాయించండి. భార్యకు సొంత ఖాతా లేకపోతే అది కుక్క విషయంలోనే కాదు, అన్ని విషయాల్లోనూ కష్టం, ముందు అది తెరిపించండి. "మనం విడిపోతే" అని ఆలోచించడం అపశకునం అనుకుంటారు మనవాళ్లు. అపశకునం కాదు. ఇంటికి తాళం వేసినంత మాత్రాన దొంగను పిలిచినట్టా?

కొట్టే మనిషి ఇంట్లో ఉంటే సంగతి వేరు. వదిలి వెళితే కుక్కకు ఏమవుతుందో అని ఆగిపోయిన ఆడపిల్లను నేను చూశాను. కాలిఫోర్నియాలో గృహహింస కేసులో కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వులో పెంపుడు జంతువును కూడా చేర్చమని అడగవచ్చు. అతను దాని దగ్గరికి రాకుండా, దాన్ని తీసుకెళ్లకుండా కోర్టు ఆపగలదు. ఈ ఒక్క ముక్క ఎవరికైనా పనికొస్తే చాలు.

మనవాళ్లకు మాత్రమే ఉండే ఇంకో చిక్కు వీసా. హెచ్-4 మీద ఉన్న మనిషికి విడాకులు ఖరారైన రోజుతోనే ఆ హోదా పోతుంది. ఆలోపు చదువు వీసాకో, సొంత ఉద్యోగ వీసాకో మారకపోతే ఇండియా రావాలి. కుక్క తనదేనని కోర్టు చెప్పినా, దాన్ని తిరుపతికి తేవడం ఒక యజ్ఞం. చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్, టీకాలు, అమెరికా ప్రభుత్వ పశువైద్య విభాగం ముద్రపడిన ఆరోగ్య పత్రం, మన జంతు క్వారంటైన్ వాళ్ల నుంచి ముందస్తు అనుమతి, అన్నీ కావాలి. ఆ క్వారంటైన్ వాళ్లు ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి, మనకు దగ్గరిది చెన్నై. మళ్లీ వెనక్కి తీసుకెళ్లడం ఇంకా కష్టం. రేబిస్ ప్రమాదం ఎక్కువున్న దేశాల జాబితాలో అమెరికా మన దేశాన్ని ఉంచింది. 2024 ఆగస్టు నుంచి నిబంధనలు ఇంకా గట్టిపడ్డాయి, ఆరు నెలలు నిండని కుక్కను రానివ్వరు. అందుకని "కొన్నాళ్లు అమ్మ దగ్గర ఉంచి తెచ్చుకుంటా" అని తొందరపడి విమానం ఎక్కించవద్దు. మన దగ్గరికి వచ్చాక కూడా పెళ్లి గొడవలో జంతువు ఎవరికి చెందాలో చెప్పే ప్రత్యేక సెక్షన్ మన చట్టాల్లో లేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ఉంది కానీ, అది హింస గురించి.

వేరే దేశాలకు వెళ్లేవాళ్లకు క్లుప్తంగా. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2024 జనవరి 15 నుంచి, ఆస్ట్రేలియాలో 2025 జూన్ 10 నుంచి ఇలాంటి చట్టాలున్నాయి. ఎవరు చూసుకున్నారు, ఇంట్లో హింస జరిగిందా, పిల్లలకు దానిపై ఎంత ప్రేమ అన్నవి చూస్తారు. కానీ రెండుచోట్లా కోర్టు ఉమ్మడిగా ఇవ్వదు.

నా అభిప్రాయం అడిగితే, కోర్టు దాకా పోకుండా రాసుకున్న ఒప్పందమే మేలు. ఏ వారం ఎవరి దగ్గర, డాక్టరు ఖర్చు ఎవరెంత, ఒకరు ఊరు మారితే ఏమిటి, ముసలిదై కళ్లు మూయించాల్సి వస్తే నిర్ణయం ఎవరిది, అన్నీ అందులో ఉండాలి. రెండు ఇళ్ల మధ్య తిరగలేని కుక్కలుంటాయి, ప్రతి మార్పుకూ తిండి మానేస్తాయి. అలాంటప్పుడు దాన్ని ఒకచోటే ఉంచి, రెండోవాళ్లు వచ్చి చూసి పోవడమే న్యాయం. తన వాటా వదులుకున్నవాళ్లను ఓడిపోయారనకూడదు.

అత్త అంతా విని, "ఇక్కడికి తెస్తే ఈ ఎండకు బతుకుతుందా?" అంది. ఫోటో చూపించింది, ఒళ్లంతా బొచ్చుతో హస్కీ. మే నెల తిరుపతిలో దానికి చాలా కష్టమన్నాను. తప్పనిసరైతే మన పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, కానీ ఎండను ఆసుపత్రి ఆపలేదు కదా.

ఆ రాత్రి పదింటికి, అక్కడ పొద్దున పూట, అమ్మాయికి ఫోన్ కలిపింది. చిప్ ఎవరి పేరు మీద ఉందని అడిగాను. చూసి చెప్పింది: అల్లుడి పేరు, రెండేళ్ల కింద మార్చేసిన పాత ఫోన్ నంబరు. కుక్క తప్పిపోతే ఇద్దరిలో ఎవరికీ కబురు అందదు. గొడవ సంగతి ఎత్తకుండా ఆ ఒక్క విషయమే అతనికి మెసేజ్ పెట్టమన్నాను. గంటలోపు అతను కొత్త నంబరు ఎక్కించి, దాని కింద రెండో నంబరుగా ఆమెది చేర్చి, ఆ పేజీ ఫోటో తీసి పంపాడు.