కొత్త సభ్యులు ఏడాది తిరక్కుండానే ఎందుకు మానేస్తున్నారు?

మీ ఊరి సేవా క్లబ్బులో ఏటా పదిమంది దాకా చేరుతున్నారు, మళ్లీ జూలైలో క్లబ్బు కొత్త ఏడాది మొదలయ్యేసరికి ఇద్దరో ముగ్గురో మిగులుతున్నారు, కుర్రవాళ్లయితే అసలు నిలవడం లేదు, ఏం చేయాలి అని అడిగారు. గోదావరి జిల్లాల్లో ఒక చిన్న పట్టణంలో పదమూడేళ్లుగా ఇలాంటి క్లబ్బులోనే ఉన్నాను. రెండుసార్లు సెక్రటరీగా చేశాను. మా దగ్గరా అచ్చం ఇదే జరిగింది.

మీ ఇబ్బంది చేర్చుకోవడంలో లేదండీ. ఏటా పదిమంది వస్తున్నారంటే ఊళ్లో సేవ చేయాలన్న మనసున్నవాళ్లు ఉన్నట్టే. వచ్చినవాళ్ల చేతికి పని అందడం లేదేమో చూడండి.

నేను మొదటిసారి సెక్రటరీ అయిన ఏడాది పద్నాలుగు మందిని చేర్చాం. ప్రమాణ స్వీకారం రోజున పిన్ను పెట్టాం, శాలువా కప్పాం, ఫోటో తీశాం. ఆ తర్వాత మేం వాళ్లను అడిగిందల్లా మీటింగుకు రమ్మని, చందా కట్టమని. వచ్చినప్పుడు పాతవాళ్లం ఒకచోట చేరి మా కబుర్లలో ఉండేవాళ్లం. వాళ్లు ఓ మూల కూర్చుని, భోంచేసి వెళ్లిపోయేవారు. ఏడాది చివరికి నలుగురు మిగిలారు. ఎవరిని అడిగినా "టైం కుదరడం లేదండీ" అన్నారు. చాలాకాలం అది నిజమేననుకున్నాను.

కాదని తెలిసింది కంటి శిబిరం వల్ల. శుక్లాలున్నవాళ్లను బస్సులో ఆసుపత్రికి పంపి, ఆపరేషన్ అయ్యాక తిరిగి తీసుకురావడం మేం ఏటా చేసే పనే. అసలు కష్టం ఆ తర్వాత ఉంటుంది. చుక్కల మందు వారాల తరబడి వేళకు వేసుకోవాలి, కన్ను నలపకూడదు, డాక్టరు చెప్పేదాకా తలస్నానం చేయకూడదు. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు ఇవన్నీ గుర్తుచేసేవాళ్లెవరు? ఆ ఏడాది మందుల షాపు నడిపే ఓ కొత్త సభ్యుడికి ఇరవై మూడు మంది పేర్లు, ఫోన్ నంబర్లు రాసిచ్చి, రోజూ సాయంత్రం కనుక్కోమన్నాం. నెల రోజులు ఒక్క పూట తప్పలేదు. ఫోన్ లేని ఒక అవ్వ కోసం బండి మీద పక్క ఊరు వెళ్లి వచ్చేవాడు. మీటింగులకు ఆర్నెల్లుగా రానివాడు, "టైం లేదు" అన్నవాడు! ఇప్పుడు మా శిబిరాలన్నీ అతని చేతి మీదుగానే నడుస్తాయి.

అప్పటినుంచి చేరినవాళ్లకు తొంభై రోజుల్లోపు ఒక పని పూర్తిగా అప్పజెబుతున్నాం. "సాయం చేయండి" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. వేసవి చలివేంద్రంలో మజ్జిగ ఆదివారాలు మీవి, బడిలో నోటు పుస్తకాల లెక్క మీది అనాలి. తప్పు చేసినా మధ్యలో లాక్కోకూడదు. పాతవాళ్లకు ఇదే కష్టం, నాకూ కష్టమైంది.

కుర్రవాళ్లను చేరమని అడగకండి, పనికి పిలవండి. రక్తదానానికి వచ్చినవాళ్లలోనే మాకు మంచి సభ్యులు దొరికారు. మగవాళ్లు మూడు నెలలకొకసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకొకసారి రక్తం ఇవ్వొచ్చు. ఎవరి గడువు ఎప్పుడు తీరుతుందో చూసుకుంటూ జాబితా నడిపే పని ఓ డిగ్రీ కుర్రాడికి ఇచ్చాం. సభ్యత్వం మాట ఏడాది తర్వాత అతనే ఎత్తాడు.

మీటింగుల సంగతి. రోటరీ 1905లో చికాగోలో మొదలైనప్పుడు సభ్యులు వంతులవారీగా ఒకరి ఆఫీసులో ఒకరు కలుసుకునేవారు, ఆ పేరు కూడా అలా వచ్చిందే. మేం హోటల్లో పెట్టుకుని, ఆ భోజనం ఖర్చు చందాలో కలిపి, టీచర్లను, చిన్న వ్యాపారులను దూరం చేసుకున్నాం. ఇప్పుడు నెలకొకటి ఎవరో ఒకరి పని చోటే పెడుతున్నాం. మొదటిది రైసుమిల్లులో జరిగింది. రెండేళ్లుగా నోరు విప్పని ఆ మిల్లు యజమాని ఆరోజు ధాన్యం ఆరబోత గురించి, తేమ గురించి గంటసేపు చెప్పారు. ఆయన అంత బాగా మాట్లాడగలరని మాకెవరికీ తెలియదు. టీ, పకోడీలతో సరిపోయింది. షాపులవాళ్లు రావాలంటే మాత్రం రాత్రి తొమ్మిది దాటాక పెట్టాలి, లేదా ఆదివారం పొద్దున్నే.

మహిళల గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. లయన్స్ 1987లో, రోటరీ 1989లో ప్రపంచమంతటా మహిళలను సభ్యులుగా తీసుకోవడం మొదలుపెట్టాయి. మా ఊళ్లో మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు వాళ్లు హారతికీ ముగ్గుల పోటీకే పరిమితం. అది మా తప్పు. ఈమధ్య ఒక అంగన్‌వాడీ టీచరుగారు ట్రెజరరయ్యాక చందా బకాయి అన్న మాటే వినలేదు.

ఏడాది ముగిసే జూన్ నెలలో సభ్యుల లెక్క పెంచడానికి స్నేహితుల పేర్లు రాసి, వాళ్ల తరఫున డబ్బు కట్టే అలవాటు మీ దగ్గర ఉంటే వెంటనే ఆపేయండి. తలకు ఇంతని పై సంస్థకు పంపాల్సిన రుసుము మళ్లీ వస్తుంది, రాని మనిషి పేరిట క్లబ్బు డబ్బే పోతుంది. పైగా నిజంగా చేరినవాళ్లకు అది చూస్తే మనసు విరిగిపోతుంది.

ఈ వారం ఒక పని చేయండి. గత రెండేళ్లలో మానేసినవాళ్ల పేర్లు రాసుకుని, ఇద్దరేసి చొప్పున వాళ్ల ఇళ్లకు వెళ్లండి. ఫోన్ చేయొద్దు, వాట్సాప్ అసలే వద్దు. మళ్లీ చేరమని అడగకండి, ఏం జరిగిందో అడగండి, అడ్డు చెప్పకుండా వినండి. మేం పదకొండు ఇళ్లకు వెళ్లాం. ఒకాయన, తన తండ్రి పోయినప్పుడు క్లబ్బు నుంచి ఒక్కరూ రాలేదని చెప్పి కళ్లు తుడుచుకున్నారు. మాకు ఆ కబురే తెలియదు. ఆయన తిరిగి చేరలేదు గానీ, ఆ ఏడాది వేసవిలో చలివేంద్రానికి కుండలన్నీ ఆయనే కొనిచ్చారు.