వాసుకి వేడెక్కిన చోట

తమ్ముడికి ఆశీస్సులు.

లోతు సముద్రంలో బరువులు దించే ఫైబర్ తాళ్ల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటిసారి కోపం వచ్చి పక్కన పడేశాను. రాత్రి మళ్లీ తీస్తే చివరి పేజీలో ఒక్క వాక్యం నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు కోపం సంగతి. 'ఈ తాడు ఉక్కు కంటే 15 రెట్లు బలమైనది' అని రాశావు. అది కంపెనీ బ్రోచర్‌లో మాట. అక్కడ 'ఒకే బరువు తీసుకుంటే' అని ఉంటుంది, నువ్వు ఆ ముక్క వదిలేశావు. ఒకే లావున్న ఉక్కు వైరునీ, డైనీమా అనే ఈ ఫైబర్‌తో పేనిన తాడునీ లాగి చూస్తే దాదాపు ఒకే లోడు దగ్గర తెగుతాయి. తేడా అంతా బరువులోనే ఉంది. 100 మిల్లీమీటర్ల వైరు మీటరుకి సుమారు 40 కిలోలు తూగుతుంది. కాకినాడకి ఎదురుగా, కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో ఆర్ క్లస్టర్ గ్యాస్ బావులున్న చోట నీటి లోతు 2000 మీటర్లు దాటుతుంది. అంత లోతుకి వదిలితే వైరు ఒక్కటే 80 టన్నులు. నీళ్లు ఎనిమిదో వంతు మోసినా 70 టన్నులు మిగిలే ఉంటుంది. క్రేను సత్తువలో అంత భాగం సొంత తాడుని మోయడానికే పోతుంది. నీటి సాంద్రత 1 అయితే డైనీమాది 0.97, అంటే నీళ్లలో తేలుతుంది. ఎంత లోతుకి వదిలినా క్రేను సత్తువ సరుకుకే మిగులుతుంది. ఈ లెక్క ఒక్కటి వేసి చూపిస్తే ఈ తాడు ఎందుకు పుట్టిందో చదివేవాళ్లకి తెలిసేది.

ఇక క్షీరసాగర మథనం. సైన్సు వ్యాసాన్ని పురాణంతో మొదలుపెట్టడం ఈమధ్య ఫ్యాషనైంది, నాకు నచ్చదు. కానీ నువ్వు తెచ్చిన వాసుకి సరైన తాడే. రెండు వాక్యాల్లో వదిలేసి వెళ్లిపోయావు, నా బాధ అది. మందర పర్వతానికి చుట్టి అటూ ఇటూ లాగితే వాసుకికి ఏమైంది? నోళ్లలోంచి పొగా మంటా ఎగజిమ్మి, తల వైపు పట్టుకున్న రాక్షసులు కమిలిపోయారు. నువ్వు రాయాల్సింది అక్కడుంది.

ఓడ అలల మీద లేస్తూ పడుతూ ఉంటుంది. కింద హుక్కుకి వేలాడే సరుకు మాత్రం నిలకడగా ఉండాలి, దాన్ని సముద్రపు అడుగున మెల్లగా కూర్చోబెట్టాలి. అందుకని ఓడ లేచినప్పుడు వించ్, అంటే తాడుని లాగే యంత్రం, తాడు వదులుతుంది, దిగినప్పుడు లాక్కుంటుంది. హీవ్ కంపెన్సేషన్ అంటారు. దాంతో తాడులో అదే నాలుగు మీటర్ల ముక్క, అదే కప్పీ మీద వంగుతుంది, తిన్నగా అవుతుంది, మళ్లీ వంగుతుంది. పది సెకన్లకో అల అనుకో, గంటకి 360. ఆరు గంటలు అలాగే పట్టుకుని నిలబడాల్సి వస్తే 2160. వంగినప్పుడల్లా లోపలి పోగులు ఒకదాన్నొకటి రాసుకుంటాయి, ఆ వేడి బయటికి పోయే దారి తక్కువ. డైనీమా 150 డిగ్రీలకి అటూ ఇటూగా కరిగిపోతుంది. 70 దాటితేనే దాని మీద భరోసా తగ్గుతుంది. అందుకే కప్పీల దగ్గర నీళ్లు చల్లుతారు. అందుకే వేడికి ఓర్చుకునే వేరే రకం పోగులు కలిపి తాళ్లు పేనుతున్నారు. బరువు వేలాడుతుండగానే తాడుని డ్రమ్ముకి చుడితే పై చుట్టు కింది చుట్లలోకి దిగబడిపోతుంది కాబట్టి లాగే యంత్రాన్నీ చుట్టే డ్రమ్మునీ విడదీశారు. నీ వ్యాసంలో వీటిలో ఒక్కటీ లేదు.

ముప్పై ఏళ్లుగా నేను అందరికీ చెప్పేది ఒకటే. ఏ వస్తువు గురించి రాసినా అది అరిగే చోట మొదలుపెట్టు. దాని గొప్ప తర్వాత చెప్పొచ్చు.

నేను రిగ్గర్‌గా, అంటే తాళ్లూ బరువులూ కట్టే పనివాడిగా, పనిచేసిన ఓడలో ఒకసారి పక్కన పెట్టేసిన ఫైబర్ తాడు ముక్క ఒకటి డెక్ మీద పడి ఉంది. పైకి బాగానే ఉంది. మా ఫోర్‌మన్ ఫిడ్, అంటే పేటలు విడదీసే మొనదేలిన కడ్డీ, దూర్చి పేటలు విడదీశాడు. పై పేటలు నూలులా మెత్తగా ఉన్నాయి. లోపలివి చీపురుపుల్లల్లా బిగుసుకుని, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. గోటితో కొడితే టక్‌మంది. ఆ రాత్రే మెస్ రూమ్‌లో కూర్చుని నా మొదటి వ్యాసం రాశాను. మూడు పత్రికలు తిప్పి పంపాయి. నాలుగోది వేసుకుంది గానీ, సంపాదకుడు నేను రాసిన ప్రతి తాడునీ 'రజ్జువు' చేశాడు, పేటల్ని 'తంతు సముదాయాలు' చేశాడు. పాఠకులు బెదిరిపోతారని అంకెలన్నీ తీసేశాడు. భీమిలి నుంచి వచ్చిన మా బోసన్‌కి, అంటే డెక్ పనివాళ్ల పెద్దకి, పత్రిక ఇస్తే సగం చదివి, "ఇది మన తాడు గురించేనా?" అని అడిగాడు. ఇరవై ఏళ్లు తాళ్లతో బతికిన మనిషి అతను. ఆ సంపాదకుణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు. నీ వ్యాసంలో 'కృత్రిమ తంతు రజ్జువు' పదకొండు చోట్ల ఉంది. పదకొండూ కొట్టేశాను.

ఏ పత్రికకి పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవి తర్వాత చూద్దాం.

నన్ను నిద్రపోనివ్వని వాక్యం ఇది: 'ఉప్పాడలో మా నాన్న సాయంత్రాలు వలతాడుని అరచేతిలోంచి జారవిడుస్తూ, ఒకచోట ఆగి, ఇది లోపల చచ్చిపోయిందిరా అనేవాడు.' తమ్ముడూ, ఉక్కు వైరులో తెగిన తీగలు బయటికి పొడుచుకొస్తే లెక్కపెట్టొచ్చు. ఫైబర్ తాడు లోపల ఎంత చచ్చిందో పైనుంచి చూసి చెప్పడం ఇంజనీర్లకి ఇవాళ్టికీ తేలని సమస్య. మీ నాన్నగారు చేత్తో చేసే పని అదే. నువ్వు దాన్ని చివరి పేజీలో, బ్రోచర్ మాటల కింద దాచేశావు.

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఆయన తాడు పట్టుకునే వేళకి పక్కన కూర్చో. ఏ వేళ్లతో నొక్కుతారో చూడు. గట్టిపడిందా, పీచు లేచిందా, సన్నబడిందా, దేన్ని పట్టి తెలుస్తుందో అడుగు. ఆయన మాటల్ని మార్చకుండా రాసుకో. రెండో పేజీ తిరిగి పంపుతున్నాను, వైరు బరువు లెక్క పక్కనే పెన్సిల్‌తో వేశాను, ఒకసారి సరిచూడు.

నీ అన్నయ్య