బొమ్మ గీసి చూపించకు తల్లీ

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఉట్నూరు ఏజెన్సీలో బడి వచ్చిందనీ, ఐదు తరగతులకూ కలిపి ఇద్దరే టీచర్లనీ రాశావు. గోండు, కోలాం, లంబాడా, తెలుగు పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారనీ, ఒక పాపకు చూపు తక్కువనీ, ఒక బాబుకు సరిగా వినపడదనీ కూడా రాశావు. వీళ్లందరిలో సృజన పెంచాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. కొత్తగా చేరిన ఏడాదే ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషం.

ముందు మానాల్సింది చెబుతాను. నల్లబల్ల మీద బొమ్మ గీసి "ఇలా వేయండి" అనకు. మన బళ్లలో ఎక్కడ చూసినా అదే బొమ్మ కనిపిస్తుంది. రెండు కొండలు, నడుమ సగం సూర్యుడు, పక్కన గుడిసె, ఒక కొబ్బరిచెట్టు. మీ పిల్లలు రోజూ చూసేది టేకు, ఇప్ప, మోదుగ. కొబ్బరిచెట్టు వాళ్ల వాకిట్లో లేదు, అయినా అందరూ అదే వేస్తారు. ఎందుకంటే టీచర్ బొమ్మ బల్ల మీదికి ఎక్కగానే అది సరైన జవాబైపోతుంది, పిల్లవాడు వేసింది తప్పుల నకలు అవుతుంది. చూపు తక్కువ ఉన్న పాపకు అసలు బల్లే కనపడదు కాబట్టి ఆమె మొదలుపెట్టకముందే ఓడిపోతుంది.

అలాగని "మీ ఇష్టం వచ్చింది వేయండి, ఏదో ఒక కథ రాయండి" అని వదిలేసినా పని జరగదు. సగం మంది "అనగనగా ఒక రాజు" అంటారు, మిగిలినవాళ్లు పక్కవాళ్ల పలక చూస్తారు. అంశం మరీ విశాలమైతే ఎక్కడ అడుగు పెట్టాలో తెలియక, తెలిసిన దారినే పోతారు. అందుకని ప్రశ్నను ఇరుకు చెయ్యి. "వాన" అనకు, "వాన పడేటప్పుడు మీ ఇంటి చూరు కింద ఎవరెవరు నిలబడతారు?" అని అడుగు. "రాత్రి" అనకు, "దీపం ఆర్పాక మీ ఇంట్లో వినిపించే మూడు చప్పుళ్లు చెప్పు" అను. ఈ రెండో ప్రశ్నకు చూపు తక్కువ పాపే అందరికంటే ముందు జవాబు చెప్పవచ్చు. అడిగాక మనసులో పది లెక్కపెట్టు, ఆ లోపల నోరు తెరవకు. తెలుగు ఇంటి భాష కాని పిల్ల తన మాటలో అనుకుని, తెలుగులోకి తెచ్చుకుని, అప్పుడు చెప్పాలి. మనం రెండు అంకెలకే ఇంకొకరిని లేపితే ఆ పిల్ల మొద్దనే పేరు మోస్తుంది.

భాష సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ బడిలో అసలు పని అక్కడే ఉంది.

పిల్లలు ముందు చెప్పాలి, తర్వాత బొమ్మ వేయాలి, ఆ తర్వాతే రాత. ఒకటి, రెండు తరగతులవాళ్ల కథ నువ్వు రాసుకో. పాపను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చెబుతుంటే ఆమె కళ్లముందే పెద్ద అక్షరాలతో రాయి. "మా మేక వానకు బెదిరి చూరు కింద నిలబడ్డది" అంటే అదే రాయి, "నిలబడింది" అని దిద్దకు. రాశాక వేలు పెట్టి చదివి వినిపించు. తన నోటి మాట కాగితం మీద నిలిచిందని ఆ పిల్లకు తెలిసేది ఆ క్షణంలోనే. నువ్వు "నిలబడింది" అని మార్చి చదివితే, ఇది నా మాట కాదు టీచర్ మాట అనుకుంటుంది, రెండోసారి చెప్పదు. గోండీలో చెబితే విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాసి, ఐదో తరగతి గోండు పిల్లను పిలిచి కింద తెలుగు చెప్పించు. గోండీ, కోలామీ ద్రావిడ భాషలే కాబట్టి తెలుగు అక్షరాల్లో చాలావరకు ఒదుగుతాయి. లంబాడీ వేరే కుటుంబం, అక్కడ నీ చెవి కొంచెం తడబడుతుంది. పిల్లలనే రెండుసార్లు పలకమని అడుగు, నీకు నేర్పడం వాళ్లకు మహా ఇష్టం.

గోడ మీద ఒక మాటల చార్టు పెట్టు. నీళ్లను గోండీలో ఏర్ అంటారు, కోలామీలో ఈర్, లంబాడీలో పాణి. పక్కన తెలుగు ఏరు కూడా రాస్తే, మన వాగుకూ గోండుల నీళ్లకూ చుట్టరికం ఉందని పిల్లలే కనిపెడతారు. వారానికి నాలుగు మాటలు చాలు.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు అక్కడి గిరిజనుల భాష సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం సొంత ఖర్చుతో బడులు నడిపారు. వాడుక భాష కోసం పోరాడిన మనిషి సవరకు వ్యాకరణం, నిఘంటువు కూడా కూర్చారు. మీకు అట్టే దూరం లేని మర్లవాయిలోనే 1943లో, గోండుల జీవితాన్ని పరిశోధించిన హైమన్‌డార్ఫ్ దంపతులు గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టించారు, గోండీలో వాచకాలు తయారయ్యాయి. పర్యవేక్షణకు వచ్చినవారు ఇదేం పాఠమని అడిగితే, విద్యాహక్కు చట్టం 2009లోని 29వ సెక్షన్ చూపించు. పనులు చేస్తూ, వెతుకుతూ, కనుగొంటూ నేర్చుకోవాలనీ, వీలైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలనీ అందులోనే ఉంది. చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం సర్కారు పెట్టిన తొలిమెట్టు కార్యక్రమానికి టైం చాలదని భయపడకు. పిల్లలు చెప్పి రాయించుకున్న వాక్యాలే చదువు కార్డులుగా పనికొస్తాయి. తన మేక గురించిన వాక్యాన్ని పిల్ల చదివినంత ఇష్టంగా ఇంకే వాక్యాన్నీ చదవదు.

తప్పులు దిద్దడానికి వేళ ఉంది. మూడో తరగతి దాటినవాళ్లు ముందు చిత్తుకాగితం మీద రాయాలి, నలుగురికి చదివి వినిపించాలి, విన్నవాళ్లు ఒక్కో ప్రశ్న అడగాలి. "ఆ మేక రంగేంది?" "తర్వాత లోపలికి వచ్చిందా?" జవాబులు కథలో చేరాక, శుభ్రప్రతి రాసేముందు నువ్వు రెండే రెండు తప్పులు చూపించు, అంతకు మించొద్దు. ఎర్ర సిరా వాడకు. కాగితమంతా ఎర్రబడితే ఆ పిల్లవాడు మరుసటి వారం తనకు గుణింతం తప్పు పోని మాటలు మాత్రమే ఏరుకుని రాస్తాడు, కథ మూడు వాక్యాలకు కుంచించుకుపోతుంది.

పిల్లల కథలూ బొమ్మలూ అందరూ చూసేలా గోడపత్రిక పెట్టు, ఖర్చు పెద్దగా ఉండదు. పాత చీరో దుప్పటో ఆరడుగుల పొడవుది గోడకు బిగించి, అడ్డంగా మూడు పురికొసలు కట్టి, బట్టల క్లిప్పులతో కాగితాలు తగిలించు. కింది అంచు నేల నుంచి రెండడుగుల్లో, పై అంచు నాలుగున్నర అడుగుల లోపు ఉండాలి. మనం మన కంటి ఎత్తులో కట్టేస్తాం, ఒకటో తరగతివాళ్లు మెడలెత్తి చూసి వెళ్లిపోతారు. పదిహేను రోజులకోసారి మార్చు. అందరి పేర్లూ ఒక నోటుబుక్కులో రాసుకుని, ఎవరిది ఎప్పుడు పెట్టావో గుర్తు పెట్టు. లేకపోతే నీకు తెలియకుండానే చేతిరాత బాగున్న ఐదుగురివే మళ్లీ మళ్లీ ఎక్కుతాయి.

బహుమతులు, మొదటి స్థానం, రెండో స్థానం వద్దే వద్దు. మొదటి బహుమతి ఇచ్చిన మరుసటి వారం గెలిచిన బొమ్మకు పది నకళ్లు వస్తాయి. 1973లో మార్క్ లెప్పర్ బృందం అమెరికాలో చిన్నపిల్లల మీద చేసిన ప్రయోగం ఈ సంగతే చూపించింది. బొమ్మలంటే ఇష్టపడే పిల్లలకు, స్కెచ్ పెన్నులతో బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్లకు వాళ్లే ఖాళీ సమయంలో ఆ పెన్నులు పట్టుకోవడం తగ్గించేశారు. "బాగుంది" అని ఊరుకోవడం కూడా సరిపోదు. నీ కంటికి కనపడింది చెప్పు. "మేక చెవి ఒకటి వెనక్కి తిప్పావు, అదేం వింటోంది?" అంటే ఆ పిల్లవాడు ఇంకో పది నిమిషాలు కూర్చుంటాడు.

రంగులు కొనకుండానే నడుస్తుంది. గోలీకాయంత తుమ్మబంక ముక్కలు ఐదారు అర గ్లాసు నీళ్లలో రాత్రంతా నానబెట్టి గుడ్డలో వడకట్టు. ఒక చెంచా పొడికి రెండు చెంచాల బంకనీళ్లు కలుపు. పసుపు, మెత్తగా నూరిన బొగ్గు, జల్లించిన ఇటుక పొడి, మూడూ చాలు. బంక తక్కువైతే ఆరాక పొడి రాలుతుంది, ఎక్కువైతే కాగితం ముడుచుకుని రంగు పెచ్చులూడుతుంది. ముందు ఒక ముక్క మీద పూసి, ఆరాక వేలితో రుద్ది చూసుకో. హోలీ ముందు మోదుగ పూస్తుంది కదా, రాలిన పూలు నీడన ఎండబెట్టి దాచుకో. గుప్పెడు పూలు రెండు గ్లాసుల నీళ్లలో రాత్రి నానేసి, పొద్దున అర గ్లాసు అయ్యేదాకా మరిగిస్తే నారింజ రంగు వస్తుంది. పసుపు పూసిన కాగితం మీద సబ్బునీళ్ల చుక్క వేయించు, ఎర్రగా మారుతుంది. ఎందుకని వాళ్లే అడుగుతారు. జవాబు వెంటనే చెప్పకు, నిమ్మరసం, ఉప్పునీళ్లు, బూడిదనీళ్లు వేసి చూడమను. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వొద్దు, కళ్లలో పడితే ప్రమాదం. పసుపు బొమ్మలు ఎండ తగిలే గోడకు పెడితే కొద్దిరోజుల్లో వెలిసిపోతాయి. కుంచెలకు వేపపుల్ల చివర నమిలితే సరిపోతుంది.

అతికించడానికి నాలుగు చెంచాల మైదా చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, రెండు గ్లాసుల మరిగే నీళ్లలో పోసి తిప్పు. మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదని చెబుతారు, అది విషం, కలపకు. రెండు రోజులకు సరిపడా కాచుకో.

మట్టి దగ్గర చాలామంది ఒకసారి చేసి వదిలేస్తారు, ఆరగానే బొమ్మలు పగిలిపోతాయి కాబట్టి. మీ వైపు ఎక్కువగా నల్లరేగడి. అది తడికి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుని బీటలిస్తుంది. నాలుగు గిన్నెల మట్టికి ఒక గిన్నె సన్న ఇసుక కలిపి, రాత్రి నానబెట్టి, రాళ్లు ఏరి, అరచేతికి అంటుకోకుండా అయ్యేదాకా పిసకాలి. వేలంత లావు తాడు చేసి వేలి చుట్టూ చుట్టి చూడు. చిట్లితే ఇంకా తడి కావాలి. పుట్టమన్ను దొరికితే మరీ మంచిది. తల, కాళ్లు విడిగా చేసి ఊరికే నొక్కితే ఆరాక ఊడిపోతాయి. అతికించే రెండు చోట్లా పుల్లతో గీతలు గీసి, పల్చటి బురద పూసి నొక్కాలి. బొటనవేలి కంటే మందం వద్దు. మొదటి రోజు తడిగుడ్డ కప్పి, తర్వాత మూడు రోజులు నీడన ఆరనివ్వు. జైనూరు మండలం ఉషేగాంలో ఇత్తడి బొమ్మలు పోతపోసే ఓజాలు బొమ్మకు ముందు మట్టి అచ్చు మీద మైనపు తీగలు చుడతారు. ఆ పని చూసిన పిల్లలు మట్టితోనే సన్నటి తీగలు చేసి చుట్టడం మొదలుపెడతారు.

చూపు తక్కువ పాపను కిటికీ వెలుతురు పక్క నుంచి పడేచోట కూర్చోబెట్టు, ఎదురుగా మాత్రం కాదు. లావు నల్ల స్కెచ్చు ఇవ్వు. మైదా జిగురుతో పురికొస అతికించి గీత తీస్తే ఆమె వేలితో చదువుకోగలదు, మిగతావాళ్లు కూడా కళ్లు మూసుకుని ఆ బొమ్మ చదవాలని పోటీపడతారు. వినపడని బాబు ముందు మాట్లాడేటప్పుడు నీ ముఖం అతనికి కనపడాలి. బల్ల వైపు తిరిగి మాట్లాడితే అతనికి ఆ పాఠం లేనట్టే. పిల్లలను వరుసల్లో కాక అర్ధచంద్రంలా కూర్చోబెడితే ఎవరు మాట్లాడుతున్నారో అతనికి తెలుస్తుంది. కథను సైగలతో ఆడించి, తర్వాత బొమ్మలుగా వేయించు. వేళ్లు పట్టు తప్పే పిల్ల ఉంటే పెన్సిలుకు పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టు, కాగితాన్ని నాలుగు మూలలా బల్లకు అతికించు. కుదురుగా కూర్చోలేనివాణ్ని గోడ దగ్గర నిలబడి గీయనివ్వు. ఎవరైనా రోజూ అదే ట్రాక్టరు వేస్తుంటే ఆపకు, "ఈరోజు ఇది ఎక్కడికి పోతోంది?" అని అడుగు. నెమ్మదిగా నేర్చుకునే పిల్లకు పని తగ్గించొద్దు, ఎంపిక తగ్గించు. పది రంగుల బదులు రెండు, పెద్ద కథ బదులు "తర్వాత ఏమైంది?" అనే ఒక్క ప్రశ్న. మండలంలో ఇలాంటి పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీ, అంటే వాళ్లకు నేర్పడంలో శిక్షణ పొందిన టీచర్, ఉంటారు, మొదటి నెలలోనే వెళ్లి కలువు.

ఊరి పెద్దలను పిలవడం మరిచిపోకు. కింగ్రి వాయించి గోండుల వంశగాథలు పాడే ప్రధాన్లు మీ చుట్టుపక్కల ఉంటారు. పిలిచే ముందురోజు పిల్లలతో ప్రశ్నలు రాయించు, లేకపోతే విని చప్పట్లు కొట్టి లేచిపోతారు. ఒక్క జాగ్రత్త. దీపావళి వేళ గోండుల దండారి పండుగలో నాట్యమాడే గుస్సాడీలు పెట్టుకునే నెమలి ఈకల టోపీ గోండులకు పూజనీయం. 2021లో పద్మశ్రీ అందుకున్న గుస్సాడీ కళాకారుడు, దివంగత కనకరాజు గారిది మర్లవాయే కాబట్టి పిల్లలు ఆ బొమ్మ తప్పక వేస్తారు, వేయనివ్వు. కానీ కాగితం టోపీలు చేసి వార్షికోత్సవంలో ఆడించాలనుకుంటే ముందు ఊరి పెద్ద పటేల్ ఇంటికి వెళ్లి అడుగు. వద్దంటే మానేయి.

మొదటి నెల అన్నీ ఒకేసారి ఎత్తుకోకు. వారానికి రెండు రోజులు, మధ్యాహ్నం చివరి నలభై నిమిషాలు పెట్టుకో. మొదటి రెండు వారాలు కబుర్లు, బొమ్మలే. మూడో వారం గోడపత్రిక కట్టు. మట్టి పని ఎండలు ముదరకముందే కానిచ్చెయ్యి, ఎండాకాలంలో నీడనున్నా తొందరగా ఆరి పగులుతుంది. గోడ మీది నుంచి దించిన ప్రతి కాగితానికీ తేదీ వేసి, రెండు రంధ్రాలు చేసి, ఎవరిది వాళ్ల కట్టలో దారంతో కుట్టు. మార్చిలో జూన్ నాటి కాగితం పక్కన పెట్టి చూస్తే ఏ పిల్ల ఎక్కడిదాకా వచ్చిందో నీకే తెలుస్తుంది. వేసవి సెలవులకు ముందు ఆ కట్టలు ఇళ్లకు పంపించు. బీరువాలో పెడితే చెదలు పడతాయి.

ఇట్లు,
ఆశీస్సులతో
మీ పెద్దమ్మ