నీలగిరి కొండకు వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ కోడలు ఊటీ వెళ్తోంది అన్నయ్యా, కొండ మీద చెట్లు నాటే ఉద్యోగమట" అంది. నా గుండె గుభేలుమంది. తెల్లారి నువ్వు పంపిన కబురు చదివాకగాని స్థిమితపడలేదు. నాటడానికి కాదు, నాటినవి తీసి పచ్చికను తిరిగి పెంచడానికి వెళ్తున్నావు. మన ఇంటి పిల్ల ఆ పనికే వెళ్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు తల్లీ. ఆ కబురు మీ అత్తయ్యకు రెండుసార్లు చదివి వినిపించాను.

స్వెట్టర్లు, వాన కోటు, జలగలకు ఉప్పు మీ అమ్మ ఎలాగూ సర్దుతుంది. పొగమంచులో అడవిదున్న ఎదురైతే నువ్వే పక్కకు తప్పుకో.

ఇక అసలు సంగతి. మనం మైదానం వాళ్లం. నీళ్లంటే మనకు చెరువు, బావి, కాలువ. రెండు వేల మీటర్ల ఎత్తున నీళ్లు అలా కళ్లకు కనబడేలా ఉండవు. కొండ మడతల్లో షోలా అడవి ఉంటుంది. పొట్టి చెట్లు, కొమ్మల నిండా నాచు, కింద జానెడు మందాన ఆకు చెత్త. మంచు మేఘం తగిలినా ఆ నాచు చుక్కలు రాలుస్తుంది. కొండ భుజాల మీదంతా గడ్డి. పల్లాల్లో వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లక పేరుకున్న నల్లమట్టి. వానాకాలం నీటిని ఈ మూడూ పట్టి ఉంచి, మార్చి ఎండల్లో కొద్దికొద్దిగా వదులుతాయి. కింద పైకారా, భవానీ పారేది ఆ నీటితోనే.

ఇది నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది. 1981లో నాకు ఇరవై మూడేళ్లు. కొండల మీద తోటలు వేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరాను. మనవాళ్లు యూకలిప్టస్‌ను నీలగిరి చెట్టు అంటారు కదా, జలుబు చేస్తే రాసుకునేది నీలగిరి తైలం. ఆ పేరు పట్టుకుని, అది ఆ కొండల సొంత చెట్టేనని నమ్మి వెళ్లాను. ఆస్ట్రేలియా చెట్టును 1843లో తెచ్చి అక్కడ నాటారని నాకు చెప్పినవాళ్లు లేరు, నేను అడగనూ లేదు.

నాకు అప్పగించిన వాలు కింద ఒక తడి పల్లం ఉండేది. అడుగు వేస్తే మడమ దిగేది. కాలు తీస్తే ఆ గుంటలో డికాషన్ రంగు నీళ్లు ఊరేవి. పిడికెడు మట్టి పిండితే తడిగుడ్డలా కారేది. పల్లం చివర ఊట, దాని కింద ఆ కొండల్లో గేదెలు మేపుకునే గిరిజనులైన తోడాల గేదెలు తాగే మడుగు. మొక్కల వేళ్లు కుళ్లిపోతాయని పల్లం మధ్యగా నడుములోతు కాలువ తవ్వించాను. పదకొండు మంది, ఆరు రోజులు. గలగలా పారిపోతున్న నీళ్లను చూసి ముచ్చటపడ్డాను కూడా.

ఎరుపు నలుపు కుట్టుపని ఉన్న తెల్ల శాలువా కప్పుకుని ఒక తోడా పెద్దాయన వచ్చి గట్టున కూర్చున్నాడు. నాకు అర్థమయ్యేలా తమిళంలో నెమ్మదిగా, "వేసవికి దాచిన నీళ్లు ఇప్పుడే ఒలకబోస్తున్నావు" అన్నాడు. చెట్లు పెరిగితే నీళ్లు వాటంతట అవే వస్తాయని నేను ఆయనకు పాఠం చెప్పాను.

నాలుగేళ్లకు మళ్లీ ఒక మార్చిలో వెళ్లాను. చెట్లు ఏపుగా ఉన్నాయి. ఊట దగ్గర రాళ్లకు చెమ్మ తప్ప ఏమీ లేదు. పల్లంలో నల్లమట్టి పెచ్చులు లేచి కాలి కింద కరకరలాడింది. అక్కడ ఆ పెద్దాయనే కొడవలి పట్టుకుని తిరుగుతున్నాడు. వాళ్ల గుడి కప్పుకు వేసే గడ్డి ఆ తడిలోనే మొలుస్తుందట. నన్ను గుర్తుపట్టాడు, ఒక్క మాట అనలేదు. పొద్దుటి నుంచి దొరికిన గడ్డి చూపించాడు. ఒక గుప్పెడు.

నేను ఇలా చేస్తున్న రోజుల్లోనే, ఊటీలోని నేల సంరక్షణ పరిశోధన కేంద్రం వాళ్లు గ్లెన్‌మోర్గాన్ దగ్గర రెండు చిన్న లోయల వాగులను కొలుస్తున్నారు. ఒకదాన్ని పచ్చికగానే వదిలి, రెండోదానిలో సగానికి పైగా నేలలో 1972లో నీలగిరి చెట్లు వేశారు. తొలి పదేళ్లలో నీటి రాబడి 16 శాతం తగ్గింది. నరికాక మోళ్లు చిగిర్చి పెరిగినప్పుడు సుమారు 25 శాతం. వేసవి పారకం మరీ పడిపోయింది. చలికాలపు మంచుకు గడ్డి మాడి నిద్రపోతుంది, నీళ్లు తాగడం మానేస్తుంది. ఈ చెట్టు ఏడాది పొడుగునా తాగుతూనే ఉంటుంది.

అలాగని వెళ్లగానే గొడ్డలి పట్టకు. నీకు పనిలో దిగితే ఆగడం తెలియదు. ఆరేళ్లప్పుడు కలుపు తీస్తానని కొత్తిమీర మడి మొత్తం పీకి, అత్తయ్య కొంగులో మొహం దాచుకున్నావు, గుర్తుందా? నీలగిరి చెట్టులాగే ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటిన తుమ్మ జాతి చెట్టు వాటిల్, దాని గింజలు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. నిప్పు తగిలితే ఒక్కసారిగా మొలుస్తాయి. నిటారు వాలులో అన్నీ ఒకేసారి కూలిస్తే తొలకరికే మట్టి జారుతుంది. 2019 ఆగస్టులో నీలగిరుల్లోని అవలాంచిలో ఒక్క రోజులో 80 సెంటీమీటర్లకు పైగా వాన పడింది, ఆ కొండ మీద వాన అంటే అది. కొంచెం కొంచెం తీస్తూ, ఆ ఖాళీలో గడ్డి దుబ్బులు నాటుతూ వెళ్లండి. పాత వాటిల్ నీడలో షోలా మొక్కలు లేస్తుంటాయి, వంగి చూడకుండా అడుగు వేయకు. తడి నేల మీద మాత్రం పార వేయనివ్వకు, ఎవరు చెప్పినా సరే. ఇది బతిమాలి చెబుతున్నాను.

ఇంకొకటి. వెళ్లిన మొదటి మార్చిలోనే ఊట కింద బిందె పెట్టి, ఎన్ని నిమిషాలకు నిండిందో తేదీతో రాసుకో. ఏటా అదే బిందె, అదే చోటు. నేను ఒక్కసారీ కొలవలేదు. అందుకే ఊట ఎంత తగ్గిందని కాంట్రాక్టరు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ వాలుకు దారి వేరే కాగితం మీద గీసి జతచేస్తున్నాను. నా కాలువ ఇంకా తెరిచే ఉంటే, మీ పెద్దలను అడిగి రాళ్లతో, గడ్డిపెళ్లలతో అక్కడక్కడా అడ్డం వేయించు. గుడి కప్పు గడ్డి మళ్లీ మొలిచి ఉంటే కోయకు. ముందు ఆ పల్లెవాళ్లకు చెప్పు, తర్వాత నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య