తిరిగి వచ్చే దారి చూసుకుని వెళ్లు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

దుబాయి వెళ్తానని పట్టుబట్టి అన్నం కూడా సరిగా తినడం లేదట, అక్క ఫోనులో ఏడ్చింది. నిన్ను ఆపడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నీ వయసులో నాకూ ఊరు ఇరుకుగానే ఉండేది. 1992లో జగిత్యాలలో బస్సెక్కి, ముంబై మీదుగా సౌదీలోని దమ్మాం చేరాను. వెళ్లాలనిపించడం తప్పు కాదు. తిరిగి రావడం నీ చేతిలో ఉండేలా వెళ్లు, అంతే నేను అడిగేది.

విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ పని వెతుక్కోవచ్చని ఎవరు చెప్పినా నమ్మకు. ఆ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. గడువు దాటితే ఇంట్లో ఏం జరిగినా కదలలేవు. మా గదిలో ఒకతను కాగితాలు పోగొట్టుకుని ఖల్లివల్లి అయ్యాడు, అంటే అనుమతి లేకుండా చాటుగా బతికేవాడు. తండ్రి పోయిన కబురు వచ్చిన రాత్రి తెల్లవార్లూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు దాటినా ఆ ముఖం నన్ను వదలలేదు.

నువ్వు పదో తరగతి పాసు కాలేదు కాబట్టి నీది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే మన ప్రభుత్వ అనుమతి కావాలి. ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఏజెంటు ద్వారా, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అనే ఆ అనుమతి తీసుకునే వెళ్లాలి. ఏజెంటు తీసుకోదగ్గది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. వడ్డీకి తెచ్చి లక్షలు కట్టావంటే ఆ అప్పు తీరేదాకా ఇంటి గడప తొక్కలేవు. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275 రూపాయలే, 10 లక్షలకు వర్తిస్తుంది. అది మరవకు. సెలవు ఎన్నాళ్లకిస్తారో, టికెట్టు ఎవరు కొంటారో సంతకానికి ముందే అడుగు.

ఇల్లు చేరిన రోజు సంగతి చెబుతాను. అప్పట్లో ఫోను ఖరీదు. మాటలు క్యాసెట్లో రికార్డు చేసి, సెలవుకు వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లం. మూడేళ్లకు నేను వచ్చేసరికి పాపకు నాలుగేళ్లు. నన్ను చూసి మీ అత్తయ్య కొంగు చాటున దాక్కుంది. "బంగారూ, అన్నం తిన్నావా?" అన్నాను. క్యాసెట్లో అది రోజూ వినే మాట. వెంటనే లోపలికి పరుగెత్తి టేప్‌రికార్డర్ వంక చూసింది. అది మోగడం లేదు. మెల్లగా వెనక్కి వచ్చి, నా నోటి మీద చెయ్యి పెట్టి, "మళ్లీ అను" అంది. నా గొంతు పెగల్లేదు. దమ్మాం ఎండలో మోసిన ఇనుమంతా ఆ చిన్న చేతి కింద బరువు దిగిపోయింది.

ఏజెంటుకు ఒక్క రూపాయి ఇవ్వకముందే, ఈ ఆదివారం కాగితాలన్నీ తీసుకుని ఇంటికి రా. అక్కను కూడా తీసుకురా. ప్రతి గీతా ముగ్గురం కూర్చుని చదువుదాం.

మీ మామయ్య