చాపర్ సైకిలుకు మోటారు: ముందు బ్రేకుల సంగతి తేల్చండి

పాఠకుల సైకిలు సందేహాలకు జవాబులు

ప్రశ్న: నా దగ్గర చాపర్ తరహా సైకిలు ఉంది. ఉక్కు ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టుకుని బాగా ముందుకు సాగిన పొడవాటి ఫోర్కు, ఎత్తు హ్యాండిల్, వెనక వీపు ఆనించుకునే కమ్మీ ఉన్న పొడవు సీటు. చక్రాలు రెండూ 20 అంగుళాలవే. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఒక్కటే ఉంది. దీనికి హబ్ మోటారు, అంటే చక్రం మధ్యలో ఇమిడే మోటారు, పెట్టాలనుకుంటున్నాను. ముందు చక్రానికైతే బిగించడం తేలికని, చైను జోలికి పోనక్కర్లేదని మిత్రులు చెబుతున్నారు. మీరేమంటారు?

జవాబు: ముందు చక్రానికి వద్దండీ. మామూలు సైకిలుకైతే ఆలోచించి చెప్పేవాడిని. చాపర్‌కు మాత్రం ఆలోచించాల్సిన పని లేదు.

చాపర్ మీద మనిషి కూర్చునే చోటు చూడండి. సీటు దాదాపు వెనక చక్రం మీదే ఉంటుంది. బరువంతా వెనక పడుతుంది, ముందు చక్రం మీద పడేది కొంచెమే. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. పేరుమోసిన బ్రిటన్ సైకిలు రాలీ చాపర్‌కు కూడా ముందు చక్రం పైకి లేచి వెనక్కి పడిపోతోందన్న చెడ్డపేరు వచ్చింది. అందుకే 1972లో తెచ్చిన రెండో రూపంలో సీటును కాస్త ముందుకు జరిపారు. బరువు పడని చక్రానికి మోటారు పెడితే అది రోడ్డును గట్టిగా పట్టుకోదు. తడి రోడ్డు మీదా, ఇసుక మీదా ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అలా జారేది మీకు దారి చూపించే చక్రమే అని మరిచిపోకండి.

రెండో కారణం ఫోర్కు. మామూలు ఫోర్కు పొడవు నలభై సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మీది అంతకంటే ఎంత పొడవుంటే, పైన దాని రెండు కాళ్లూ కలిసే కిరీటం దగ్గర వంచే శక్తి అంత పెరుగుతుంది. మోటారు లాగినప్పుడు ఫోర్కు ముందుకు వంగాలని చూస్తుంది. బ్రేకు వేసినప్పుడు, గతుకులో పడినప్పుడు వెనక్కి వంగాలని చూస్తుంది. ఒకసారి అటు, ఒకసారి ఇటు వంచుతూ పోతే లోహం అలిసిపోతుంది. పైగా చాలా చాపర్లలో ఫోర్కును మధ్యలో కోసి, గొట్టం ముక్క కలిపి అతికించి పొడిగించి ఉంటారు. ఆ అతుకును నేను ఎప్పుడూ అనుమానంగానే చూస్తాను. అతుకు పక్కన రంగు మీద సన్నటి గీత కనిపిస్తే, మోటారు మాట అటుంచి, ఆ సైకిలు ఎక్కడమే మానేయండి.

ఇక వాలు. ఫోర్కు తిరిగే గొట్టం నేలతో చేసే కోణం మామూలు సైకిలులో 71 డిగ్రీల దగ్గర ఉంటే, బాగా సాగదీసిన చాపర్‌లో 55 వరకు పడిపోవచ్చు. ఆ గొట్టం గీతను నేల దాకా ఊహించుకుంటే, అది నేలను తాకే చోటు టైరు ఆనే చోటుకు ముందుంటుంది. ఆ దూరాన్ని ట్రెయిల్ అంటాం. పెద్ద చక్రాల మామూలు సైకిలుకు నేను లెక్క వేస్తే అది 70 మిల్లీమీటర్లు వస్తుంది. 55 డిగ్రీల వాలు, 20 అంగుళాల చక్రం ఉన్న చాపర్‌కు 130 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు హ్యాండిల్ దానంతటదే ఒక పక్కకు పడిపోవాలని చూసే గుణం అయితే దాదాపు మూడింతలవుతుంది. చాపర్ నడిపినవాళ్లకు మలుపులో ఈ సంగతి చేతికి తెలుస్తుంది. అలాంటి చక్రానికి ఇంకో మూడు కిలోల మోటారు తగిలించి, దాని లాగుడు కూడా కలిపితే, నెమ్మదిగా తిరగాల్సిన చోటల్లా హ్యాండిల్‌తో పెనుగులాటే.

కాబట్టి మోటారు వెనక చక్రానికే. ఆ ఆలోచన చాలా పాతది కూడా. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన 1895లో పేటెంటు పొందిన విద్యుత్ సైకిలులో మోటారు ఉన్నది వెనక చక్రం మధ్యలోనే.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఇంకొకటుంది: పెడలు వెనక్కి తొక్కే బ్రేకు ఒక్కటే ఉందన్నారు. ఆ బ్రేకు ఉండేది వెనక చక్రం మధ్యలోని బుడ్డి (హబ్) లోపల. మోటారు పెట్టాలంటే ఆ బుడ్డిని తీసి దాని చోట మోటారును కూర్చోబెట్టాలి. అంటే బ్రేకు కూడా దానితోనే పోతుంది. అంతా బిగించాక మీ చేతిలో మిగిలేది మోటారు ఉండి బ్రేకు లేని సైకిలు! బుడ్డిని కదపకుండా పెడళ్ల దగ్గర బిగించే మోటారు పెడదామంటే అదీ అంత తేలిగ్గా కుదరదు. ఆ కిట్లలో చాలావాటికి వెనక్కి తొక్కితే ఊరికే తిరిగే ఏర్పాటు ఉంటుంది కనుక మీ తొక్కుడు చైనుకు అందదు, బ్రేకు పడదు. వెనక్కి తొక్కే బ్రేకు కోసం విడిగా చేసిన రకాలూ ఉన్నాయి. అడిగి మరీ నిర్ధారించుకోవాలి.

అందుకని వరుస తిరగేయండి. మొదట ముందు చక్రానికీ వెనక చక్రానికీ చేతి బ్రేకులు పెట్టించండి. ఆ బ్రేకులతో మోటారు లేకుండానే కొన్నాళ్లు తిరగండి. వాలు దారిలో, వానలో ఆగి చూడండి. క్రోమ్ పూత వేసిన ఉక్కు రిమ్ము మీద రబ్బరు బ్రేకు తడిస్తే పట్టు బాగా తగ్గిపోతుంది. మీ రిమ్ము అదైతే అల్యూమినియం రిమ్ముకు మారండి, లేదా డిస్కు బిగించే వీలున్న మోటారు తీసుకుని, ఫ్రేముకు డిస్కు బ్రేకు ఆధారాన్ని తెలిసినవాళ్లతో అతికించుకోండి. బ్రేకు మీట నొక్కగానే మోటారుకు కరెంటు ఆపే స్విచ్చు రెండు మీటలకూ ఉండాలి. మీది ఎత్తు హ్యాండిల్ కనుక మామూలు బ్రేకు తీగలు చాలవు. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసి, ఎక్కడా లాగుడు పడకుండా పొడవు తీసుకోండి. మోటారు తీగలకూ అదే కొలత.

బిగించేటప్పుడు ఇంకో సంగతి. మోటారు చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే, ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది ఫ్రేము గాడిలో ఇరుక్కున్న చదునైన రెండు అంచులే, వాటి మధ్య ఉండేది 10 మిల్లీమీటర్లు. మోటారు 40 న్యూటన్ మీటర్ల తిప్పుడు ఇస్తే ఆ అంచుల మీద పడే ఒత్తిడి దాదాపు 400 కిలోల బరువంత. నట్టు ఎంత బిగించినా దాన్ని నమ్ముకోకూడదు. ఇరుసును పట్టుకుని ఫ్రేము గొట్టానికి కట్టేసే ఉక్కు పట్టీ ఒకటి వస్తుంది, టార్క్ ఆర్మ్ అంటారు. చక్రానికి రెండు వైపులా వేయండి. ఇది లేక ఇరుసు తిరిగిపోతే లోపలి నుంచి వచ్చే తీగలు మెలిపడి తెగుతాయి, చక్రం గాడిలోంచి బయటికి వస్తుంది.

వెనక ఇరుసు కూర్చునే రెండు గాడుల మధ్య వెడల్పు కూడా కొలవండి. వెనక మోటార్లు ఎక్కువగా 135 మిల్లీమీటర్లకు చేస్తారు. పాత ఫ్రేముల్లో 110, 120 మాత్రమే ఉంటుంది. ఉక్కు ఫ్రేమును జాగ్రత్తగా, రెండు వైపులా సమంగా వెడల్పు చేసుకోవచ్చు. అల్యూమినియం ఫ్రేమును అలా వెడల్పు చేసే ప్రయత్నం చేయకూడదు.

ప్రశ్న: చాపర్ అంటే ఠీవి కదా, 250 వాట్ల మోటారు చాలదేమో అనిపిస్తోంది. 1000 వాట్లది పెట్టుకోవచ్చా?

జవాబు: చాపర్ ఠీవి దాని తీరులో ఉంది, పరుగులో లేదు. లెక్క చెబుతాను. చాపర్ మీద మనిషి నిటారుగా, చేతులు చాచి కూర్చుంటాడు. గాలికి ఛాతీ అంతా అడ్డమే. మనిషీ సైకిలూ కలిసి 120 కిలోలనుకుంటే, చదును రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్ల వేగానికి చక్రం దగ్గర కావలసింది సుమారు 230 వాట్లు. అదే 40కి పోవాలంటే 690 దాకా కావాలి. వేగం ఒకటిన్నర రెట్లకు కొంచెం ఎక్కువ, శక్తి మూడు రెట్లు. ఆ తేడాలో ఎక్కువ భాగాన్ని గాలి తినేస్తుంది. ఆగేటప్పుడు మీ బ్రేకులు మింగాల్సిన శక్తి రెండున్నర రెట్లు అవుతుంది. ఇందాక చెప్పిన ఫోర్కు, ఆ వాలు, ఆ బ్రేకులు 40 కోసం చేసినవి కావు.

చిన్న చక్రం మీకు చేసే మేలు ఒకటుంది, దాన్ని వాడుకోండి. నిమిషానికి 260 చుట్లు తిరిగే మోటారు 26 అంగుళాల చక్రంలో గంటకు 32 కిలోమీటర్లు ఇస్తే, 20 అంగుళాల చక్రంలో 25 ఇస్తుంది. పోయిన వేగం తోసే బలంగా తిరిగి వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ బలమే కావాలి. నూటికి ఐదు మీటర్లు లేచే ఎత్తు మీద గంటకు 15 కిలోమీటర్లు పోవడానికి 330 వాట్లు పడతాయి. లోపల పళ్లచక్రాలున్న 250 వాట్ల మోటారు కాసేపు అంతకంటే ఎక్కువే ఇవ్వగలదు, మీ కాళ్లు కూడా కొంత ఇస్తాయి. నన్నడిగితే మీకు అది చాలు.

చట్టం మాటా ఉంది. ఐరోపా సమాఖ్యలో 250 వాట్లు, పెడలు తొక్కుతుంటేనే సాయం, 25 కిలోమీటర్ల దగ్గర అది ఆగిపోవాలి. అంతవరకైతేనే దాన్ని సైకిలుగా చూస్తారు. అమెరికా కేంద్ర చట్టం 750 వాట్ల లోపు, గంటకు 20 మైళ్ల లోపు అంటుంది, రాష్ట్రాల నియమాలు మళ్లీ వేరు. హద్దు దాటితే రిజిస్ట్రేషను, లైసెన్సు అడిగే బండి అవుతుంది. మీరుండే చోట హద్దు ఎంతో మోటారు కొనకముందే చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. చాపర్ సైకిలుకు పెట్రోలుతో నడిచే చిన్న ఇంజను కిట్టు బిగిస్తానంటున్నాడు. శబ్దం బాగుంటుందట. కాదంటే అలుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, కాదనే చెప్పండి, కారణాలతో చెప్పండి. చేతిపని మీద అంత ఇష్టమున్న పిల్లవాడికి కారణం అర్థమవుతుంది.

సైకిలుకు చిన్న ఇంజను తగిలించడం గౌరవంగా సాగిన పనే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఫ్రాన్సులో వెలోసొలెక్స్, బ్రిటన్‌లో వెనక చక్రంలోనే ఇంజను ఇమిడిన సైకిల్‌మాస్టర్ ఎందరినో మోశాయి. సైకిల్‌మాస్టర్ ఇంజను మొదట్లో 25.7 సీసీ, తర్వాత 32. ఇప్పుడు దొరికే కిట్ల ఇంజన్లు దానికి ఒకటిన్నర నుంచి రెండింతలు ఉంటాయి. ఇవి మామూలు ఫ్రేము ముక్కోణంలో వంపు లేని రెండు గొట్టాలకు బిగించేలా చేసినవి. చాలా చాపర్లలో ఆ గొట్టాలు వంపు తిరిగి ఉంటాయి. వంపు మీద పట్టు నిలవక, అదురుకు బోల్టులు వదులవుతాయి. ఇక ఇంజను చైను లాగే పళ్లచక్రాన్ని చాలా కిట్లలో వెనక చక్రం పుల్లలకే (స్పోకులకే) రబ్బరు బిళ్లల మధ్య బిగిస్తారు. పుల్లలు చేసింది బరువు మోయడానికి, అలాంటి బిగింపు కోసం కాదు. అది పక్కకు జరిగితే చైను వచ్చి పుల్లల్లో పడుతుంది, చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. ఇందులో నాకు అన్నిటికంటే భయం ఇదే.

పైగా ఇంజను బిగిస్తే చాలాచోట్ల అది మోటారు వాహనమే, ఆ వయసుకు లైసెన్సు రాదు. మోటారు లేకుండా ఆ సైకిలు చక్రాలు విప్పి, పుల్లలు సరిచేసి, బేరింగులకు గ్రీజు పెట్టి, బ్రేకులు మార్చడం నేర్పించండి. నిజమైన విద్య అక్కడే ఉంది. వాడికి ఏ దశలో సందేహం వచ్చినా నాకు రాయమనండి, తప్పకుండా జవాబిస్తాను.

ప్రశ్న: బ్యాటరీని సీటు వెనక కమ్మీకి కట్టేస్తే చూడటానికి బాగుంటుందా? ఎంత బ్యాటరీ తీసుకోవాలి?

జవాబు: అక్కడ వద్దు. వెనక ఇరుసు దాటి, అంత ఎత్తులో మూడు కిలోలు పెడితే ముందు చక్రం ఇంకా తేలికైపోతుంది. ఫ్రేము లోపల, పెడళ్లకు పైన, ఎంత కిందికి వీలైతే అంత కిందికి పెట్టండి. చాపర్ ఫ్రేము వంపుల్లో మామూలు పెట్టె పట్టకపోతే మెత్తటి దళసరి సంచిలో అమర్చి, రెండు చోట్ల పట్టీలతో కట్టొచ్చు. బ్యాటరీ విప్పి, ముక్కలు చేసి ఇరికించే పని మాత్రం చేయకండి.

36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు అంటే 360 వాట్ అవర్లు. చాపర్ తీరుకు కిలోమీటరుకు 12 నుంచి 15 ఖర్చవుతాయి కనుక 24 నుంచి 30 కిలోమీటర్లు వస్తుంది. మోటారుకు కరెంటు పంపే పెట్టె, అంటే కంట్రోలర్, 15 ఆంపియర్లు లాగేదైతే, బ్యాటరీ ఆగకుండా 20 ఇవ్వగలిగేదై ఉండాలి. బ్యాటరీతో వచ్చిన చార్జరునే వాడండి, 36 వోల్టుల లిథియం అయాన్ బ్యాటరీ నిండితే 42 దగ్గర ఆగాలి. బయటికి పోయే దారికి అడ్డంగా పెట్టి, రాత్రంతా వదిలేసి చార్జి చేయకండి.

ప్రశ్న: మా పెద్దనాన్న ఇచ్చిన 1970ల నాటి అసలైన చాపర్ ఉంది. గేరు కర్ర, సీటు, రంగు అన్నీ అప్పటివే. మోటారు పెట్టమంటారా?

జవాబు: దీనికి వద్దు. అమెరికాలో ష్విన్ సంస్థ 1963లో స్టింగ్‌రే అనే సైకిలు తెచ్చినప్పటి నుంచి ఇలాంటి సైకిళ్లు లక్షల్లో తయారయ్యాయి. కానీ పిల్లల చేతుల్లో నలిగినవి కనుక, అన్ని భాగాలూ మొదటివే ఉండి మిగిలినవి అరుదు. మోటారు కోసం గాడి అరగదీసినా, గొట్టానికి చిల్లు పెట్టినా, వెనక గాడుల మధ్య వెడల్పు పెంచినా మొదటి రూపం తిరిగి రాదు. మీకు మోటారు చాపరే కావాలంటే కొత్తగా చేసిన ఉక్కు ఫ్రేము ఒకటి వెతకండి. దాని మీద ఎన్ని ప్రయోగాలైనా చేద్దాం, నేనూ సాయం చేస్తాను. పెద్దనాన్నగారి సైకిలుకు టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, తీగలు కొత్తవి వేయించండి. తీసిన పాతవాటిని పారేయకుండా, ఏది ఎక్కడిదో చీటీ కట్టి ఒక డబ్బాలో దాచండి.